దూరాన ఉన్న విపత్తు బాధితులకు హైదరాబాద్ నుంచి సాయం: విరాళం, ప్రార్థన, హీలింగ్ – సమగ్ర మార్గదర్శి

వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడినా, బుడమేరు పొంగి విజయవాడ మునిగినా, మయన్మార్‌లో భూమి కంపించినా పాఠకుల నుంచి అవే ప్రశ్నలు వస్తున్నాయి. డబ్బు ఎవరికి పంపితే చేరుతుంది? ఇంట్లో మంచి బట్టలున్నాయి, ఇవ్వొచ్చా? మా సత్సంగంలో జపం పెట్టుకోవాలంటే పద్ధతి ఏమిటి? రేకి, ప్రాణిక్ హీలింగ్ లాంటి శక్తి చికిత్సలు దూరం నుంచి చేయొచ్చా? అన్నిటికీ ఒకేచోట, చేయాల్సిన వరుసలో జవాబులు రాస్తున్నాను.

మన మనసుకు తృప్తినిచ్చే సాయం వేరు, అక్కడివాళ్లకు అక్కరకొచ్చే సాయం వేరు. చాలాసార్లు రెండూ ఒకటి కావు. అవి ఎక్కడ విడిపోతాయో అక్కడ కాస్త ఎక్కువగా రాశాను.

## 1. మొదటి రోజు: తెలుసుకోవడం

టీవీలో దృశ్యాలు చూడగానే వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని వెంటనే స్కాన్ చేయకండి. ఒక్క పూట ఆగితే మీ డబ్బు ఆలస్యమైపోదు. మొదటి 48 గంటల్లో ప్రాణాలు కాపాడేది ఎన్‌డీఆర్‌ఎఫ్, సైన్యం, స్థానిక యువకులు. మన విరాళం పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఈ పూటలో మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి.

- విపత్తు జరిగింది ఏ జిల్లా, ఏ ఊళ్లు? ‘కేరళలో’ అంటే సరిపోదు. 2024 జులై 30న దెబ్బతిన్నది వయనాడ్ జిల్లాలోని ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలు.
- అక్కడి కలెక్టర్, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏం అడిగారు? ఏం వద్దన్నారు?
- ఆ జిల్లాలో ముందు నుంచే పనిచేస్తున్న సంస్థలు ఏవి?

మీ బంధువులే అక్కడ చిక్కుకుంటే ఆ జిల్లా ఎస్టీడీ కోడ్ చేర్చి 1077కి, లేదా రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబరు 1070కి ఫోన్ చేయండి. విరాళం ఎక్కడ ఇవ్వాలని అడగడానికి మాత్రం ఈ నంబర్లు వాడకండి. ఆ లైను ఇంకెవరి ప్రాణానికో కావాలి.

కారు నిండా సామాన్లు వేసుకుని అక్కడికి బయల్దేరడం మొదటి వారంలో అసలే వద్దు. దారి సహాయక బృందాలకు వదిలేయాలి.

## 2. ఎంత ఇవ్వాలో ముందే అనుకోవడం

ఇంట్లో అందరూ కూర్చుని మొత్తం నిర్ణయించుకోండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి ఇవ్వద్దు. ఐదు వందలు ఇచ్చేవాళ్లు ‘ఇంతేనా’ అని మొహమాటపడనక్కర్లేదు.

అనుకున్న మొత్తాన్ని రెండుగా విడదీయండి. సగం ఇప్పుడు, సగం మూడు నెలల తర్వాత. మొదటి వారంలో దేశమంతా ఇస్తుంది. శిబిరాలు ఎత్తేసి, టీవీ కెమెరాలు వెళ్లిపోయాక అద్దె ఇల్లు, పిల్లల పుస్తకాలు, పోయిన ఆటో, చచ్చిన గేదె ఇవన్నీ ఆ కుటుంబం ఒక్కటే మోస్తుంది. రెండో సగానికి అప్పుడే విలువ ఎక్కువ.

## 3. ఎవరికి ఇవ్వాలి

ప్రభుత్వ నిధులు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి 1948 నుంచి ఉంది. ప్రతి రాష్ట్రానికీ ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంటుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాన్ని సీఎంఆర్‌ఎఫ్ అంటాం, కేరళలో సీఎండీఆర్‌ఎఫ్. ఇలాంటి చిన్న తేడాలు మోసగాళ్లకు బాగా పనికొస్తాయి కాబట్టి సరైన పేరు తెలుసుకుని ఇవ్వండి. ప్రభుత్వ నిధి కదలడం నెమ్మది, కానీ అది జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ చేరగలదు.

సంస్థలు. రెడ్‌క్రాస్, దోమలగూడలోని రామకృష్ణ మఠం, సామగ్రి సేకరణలో 1999 నుంచి పనిచేస్తున్న గూంజ్ లాంటివి విపత్తు పనికి కొత్త కాదు. తెలియని సంస్థ అయితే ఇవి చూడండి:

- నీతి ఆయోగ్ వారి ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉందా?
- 80జి (విరాళాలకు పన్ను మినహాయింపునిచ్చే సెక్షన్) నమోదు నంబరు రసీదు మీద వేస్తారా?
- పోయిన ఏడాది లెక్కలు వెబ్‌సైట్‌లో పెట్టారా?
- విపత్తుకు ముందే ఆ జిల్లాలో పనిచేశారా?

నాలుగో ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఊరు తెలిసినవాళ్లకు ఏ వీధిలో ఒంటరి ముసలమ్మ ఉందో తెలుస్తుంది. శిబిరానికి రాలేనివాళ్లకు సాయం చేరేది వాళ్ల వల్లే. నా సలహా: ఇప్పుడు పంపేదాంట్లో సగం ప్రభుత్వ నిధికి, సగం ఇలాంటి స్థానిక సంస్థకు.

గుడి, మసీదు, చర్చి, గురుద్వారా. హుండీలో వేసింది ఆ గుడికే చెందుతుంది. బాధితులకు చేరాలంటే ఆ విపత్తు పేరిట విడిగా వసూలు చేస్తున్నారా, రసీదు ఇస్తారా అని అడగండి. జకాత్ (ముస్లింలు తప్పనిసరిగా ఇచ్చే దానం) ఎవరికి చెల్లుతుందో షరతులున్నాయి, మీ మౌలానాను అడిగి ఇవ్వండి. ఇష్టపూర్వకంగా ఇచ్చే సదఖాకు ఆ ఇబ్బంది లేదు.

## 4. డబ్బు పంపే వరుస

1. వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేయండి. ప్రభుత్వ నిధి అయితే చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉండాలి. ఫార్వర్డ్ అయిన లింకు నొక్కవద్దు.
2. క్యూఆర్ ఆ సైట్‌లో ఉన్నదే స్కాన్ చేయండి. పిన్ కొట్టే ముందు తెరమీద కనిపించే పేరు చదవండి. నిధి పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆపేయండి.
3. ముందు ఒక చిన్న మొత్తం పంపి రసీదు వస్తుందో లేదో చూసి, తర్వాత మిగతాది పంపండి.
4. లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఏడుస్తున్న పాప ఫొటో, కింద ఫోన్ నంబరు ఉన్న పోస్టులు వస్తే ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాత వరద ఫొటోలు, కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మలు ప్రతి విపత్తులోనూ తిరుగుతుంటాయి.

మోసపోయారని తెలిస్తే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపించే అవకాశం అంత ఎక్కువ.

అపార్ట్‌మెంట్ వసూళ్లు. మంచి మనసుతో మొదలై మాటలు పడేది ఇక్కడే. సెక్రటరీ సొంత ఫోన్‌పేకి అందరూ డబ్బు వేస్తారు. నెల తర్వాత లెక్క అడిగితే ఆయనకు బాధ, అడిగినవాళ్లకు అనుమానం. అందుకే ఎవరికి వాళ్లు నేరుగా నిధికి పంపి, గ్రూపులో ‘పంపాను’ అని మాత్రం రాయండి. మొత్తం చెప్పనవసరం లేదు. తప్పక కలిపి పంపాల్సి వస్తే అసోసియేషన్ ఖాతాలోనే వేయించండి, ఆఖరి తేదీ ముందే చెప్పండి, పంపిన రోజే రసీదు నోటీసు బోర్డు మీద అంటించండి. పనమ్మల దగ్గర, వాచ్‌మన్ దగ్గర అడిగి వసూలు చేయొద్దు. వాళ్లంతట వాళ్లు ఇస్తే తీసుకోండి.

## 5. రసీదు, పన్ను

- 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జి మినహాయింపు రాదు.
- బట్టలు, బియ్యం లాంటి వస్తువులకూ రాదు.
- ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి సహాయ నిధులకు 100 శాతం మినహాయింపు. స్వచ్ఛంద సంస్థలకు చాలావరకు 50 శాతం, అదీ పరిమితితో.
- కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు.
- సంస్థకు ఇచ్చేటప్పుడు పాన్ నంబరు ఇవ్వండి. ఫారం 10బీఈగా పేరుపడిన సర్టిఫికెట్ ఏడాది ముగిశాక వాళ్లే పంపాలి. రాకపోతే అడగండి.

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. ఆ తేదీ తర్వాతి విరాళాలకు మీ ఆడిటర్‌ను ఒకసారి కనుక్కోండి.

## 6. విపత్తు విదేశంలో అయితే, పిల్లలు అమెరికాలో ఉంటే

2023 ఫిబ్రవరి తుర్కియే భూకంపం, 2025 మార్చి మయన్మార్ భూకంపం లాంటివాటికి ఇక్కడి నుంచి వ్యక్తిగతంగా డబ్బు పంపొచ్చు. రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో అన్ని అవసరాలకూ కలిపి 2,50,000 డాలర్ల వరకు అనుమతి ఉంది. పన్ను మినహాయింపు మాత్రం రాదు.

ఇంకో సంగతి మన ఊళ్లో చాలామందికి తెలియదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకో కూతురో మీ కాలనీ అసోసియేషన్ ఖాతాకు డాలర్లు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేని సంఘం దాన్ని తీసుకోకూడదు, ఓసీఐ కార్డు ఉన్నా సరే. భారత పాస్‌పోర్టే ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లను ఎఫ్‌సీఆర్‌ఏ నమోదున్న సంస్థకో, అక్కడ 501(సి)(3) అనే పన్ను సెక్షన్ కింద నమోదైన సేవా సంస్థకో ఇమ్మనండి. రెండోదానికైతే వాళ్లకు అక్కడి పన్నులో మినహాయింపు కూడా దొరుకుతుంది.

## 7. వస్తువులు పంపాలంటే

డబ్బు ఇవ్వగలిగితే డబ్బే ఇవ్వండి. అక్కడి దుకాణంలో కొంటే అక్కడి వ్యాపారి కూడా నిలదొక్కుకుంటాడు. అధికారులో, స్థానిక సంస్థో జాబితా ఇచ్చి అడిగినప్పుడే వస్తువుల జోలికి వెళ్లండి.

పాత బట్టల గురించి కాస్త గట్టిగానే చెబుతాను. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో వాడిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. సర్వం పోగొట్టుకున్న మనిషికి మన ఇంటి చిరుగుల చీర ఇస్తే అది సాయం అనిపించుకోదు. బీరువా ఖాళీ చేసుకోవడం వేరే పని, దానికి వేరే రోజు పెట్టుకోండి.

అడిగితే పంపదగ్గవి

- కొత్త దుప్పట్లు, చాపలు, దోమతెరలు
- మందమైన టార్పాలిన్, కట్టుకోవడానికి తాడు
- మూతున్న బకెట్, మగ్గు, సబ్బులు
- శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు. అడగడానికి మొహమాటపడతారు కాబట్టి ఎప్పుడూ తక్కువపడేవి ఇవే.
- టార్చిలైటు, దానికి సరిపడా బ్యాటరీలు
- స్టీలు పళ్లాలు, గ్లాసులు, ఒక గిన్నెల సెట్టు

పంపకూడనివి

- ఇంట్లో మిగిలిన మందుల స్ట్రిప్పులు. విరాళంగా వెళ్లే మందులకు చేరేనాటికి కనీసం ఏడాది గడువుండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.
- పసిపిల్లల పాలపొడి, పాలసీసాలు. శుభ్రమైన నీళ్లు లేనిచోట ఇవి బిడ్డకు విరేచనాలు తెస్తాయి. తల్లిపాలు మానిపించే ప్రమాదమూ ఉంది.
- వండిన ఆహారం, పచ్చళ్ల సీసాలు, త్వరగా పాడయ్యేవి ఏవైనా.

తిండి పంపితే ఆ ఊరివాళ్లు తినేదే పంపండి. పొయ్యి లేని రోజుల్లో అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, బిస్కెట్లు పనికొస్తాయి. బియ్యం, పప్పు ఇంటికి తిరిగి వెళ్లాక కావాలి. ఉత్తరాఖండ్‌కు గోధుమపిండి, కేరళకు వాళ్లు తినే రకం బియ్యం. మన సన్నబియ్యం అందరికీ నచ్చాలని లేదు.

కొనడం, కట్టడం, పంపడం

1. స్టీలు సామాన్లకు, బకెట్లకు బేగంబజార్, టార్పాలిన్లకు, తాళ్లకు రాణిగంజ్ వైపు చూడండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) సంగతి దుకాణదారుడితోనే మాట్లాడుకోండి.
2. ఒక కుటుంబానికి ఒక మూట కట్టండి. అన్ని దుప్పట్లు ఒక పెట్టెలో, అన్ని సబ్బులు ఇంకో పెట్టెలో వేస్తే అక్కడ విప్పి పంచేసరికి రెండు రోజులు పోతాయి.
3. లోపల ఏముందో మూట మీద ఇంగ్లిష్‌లోనూ, ఆ ప్రాంత భాషలోనూ రాసి అంటించండి. దాత పేరు, పార్టీ గుర్తు, ఫొటో వద్దు.
4. అవతల దింపుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు, గోదాము చిరునామా ఖాయమయ్యాకే లారీ ఎక్కించండి. తెలుగు రాష్ట్రాల్లోకి అయితే ఆర్టీసీ కార్గో కూడా ఉంది. పెద్ద విపత్తుల్లో రైల్వే కూడా సాయపడుతుంది. 2018 కేరళ వరదలప్పుడు సహాయ సామగ్రిని ఉచితంగా చేరవేసింది.

## 8. ప్రార్థన: ఒక పద్ధతిలో

ప్రార్థన చివర్లో మిగిలిన పని కాదు. నేను చూసినంతలో, రోజూ ఒక వేళకు ప్రార్థన పెట్టుకున్న గుంపులే ఆ ఊరిని నెలలపాటు మరిచిపోకుండా ఉన్నాయి. ఆవేశంతో ఒకసారి ఇచ్చి ఊరుకున్నవాళ్లకు పక్షం తర్వాత ఆ ఊరి పేరే గుర్తుండదు.

వేళ. రోజూ పది నిమిషాలు చాలు, వేళ మాత్రం మార్చవద్దు. కన్హా శాంతివనం కేంద్రంగా ఉన్న హార్ట్‌ఫుల్‌నెస్ వాళ్లు రాత్రి 9 గంటలకు సార్వత్రిక ప్రార్థన చేస్తారు. బ్రహ్మకుమారీలు ప్రతి నెల మూడో ఆదివారం సాయంత్రం 6.30 నుంచి 7.30 వరకు ప్రపంచ శాంతి కోసం యోగంలో కూర్చుంటారు, గచ్చిబౌలిలో వాళ్ల శాంతి సరోవర్ ఉంది. ఒంటరిగా నిలవలేమనిపిస్తే వీళ్ల వేళనే మీ వేళగా పెట్టుకోవచ్చు.

వరుస.

1. ఒకరు ఆ రోజు నిజమైన వార్త రెండు వాక్యాల్లో చదవాలి. ఎన్ని కుటుంబాలు శిబిరంలో ఉన్నాయి, ఏ దారి తెరుచుకుంది. భయంకరమైన వివరాలు వద్దు.
2. ఒక నిమిషం మౌనం.
3. ఊళ్ల పేర్లు పైకి చెప్పాలి. పూజలో అయితే సంకల్పంలో ‘శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే’ అని మన చోటు చెప్పుకున్నాక, మన గోత్రనామాలతో ఆపకుండా ఆ ఊరివాళ్ల క్షేమం కోసం అని చేర్చండి.
4. ప్రార్థన. విష్ణు సహస్రనామమైనా, మృత్యుంజయ జపమైనా, దువా అయినా, చర్చిలో విజ్ఞాపన ప్రార్థన అయినా, ‘సర్బత్ దా భలా’ (అందరికీ మేలు) అంటూ ముగిసే సిక్కుల అర్దాస్ అయినా మీ ఇంటి సంప్రదాయంలోదే చేయండి. అన్ని మతాలవాళ్లున్న అపార్ట్‌మెంట్‌లో ఒకరి మంత్రం అందరిచేతా చెప్పించవద్దు. ఒక్కొక్కరూ తమ పద్ధతిలో చేశాక అందరూ కలిసి మౌనంగా ఉండటం మేలు.
5. చివరి రెండు నిమిషాలు పని మాట. నిధికి ఎవరు పంపారు, రసీదు వచ్చిందా, అక్కడి నుంచి ఏమడుగుతున్నారు.

ఏం అడగాలి. ‘అందరూ బాగుండాలి’ అని వదిలేయకండి. శిథిలాల్లో వెతుకుతున్నవాళ్ల చేతులకు బలం, ఆచూకీ తెలియనివాళ్ల కోసం ఎదురుచూస్తున్న తల్లికి ధైర్యం, శవాలను గుర్తుపట్టే పనిలో ఉన్న సిబ్బందికి మనోనిబ్బరం, శిబిరంలో పిల్లలకు నిద్ర. ఇలా పేరుపెట్టి అడిగితే మన మనసూ అక్కడే నిలబడుతుంది.

‘వాళ్ల కర్మ’, ‘దేవుడి శిక్ష’ అనే మాటలు ప్రార్థన చేసేచోట వినిపించకూడదు. ఎవరైనా అంటే అక్కడే, నెమ్మదిగానే, ఆపండి. పిల్లలు వింటుంటారు.

## 9. దూరం నుంచి హీలింగ్

రేకి రెండో స్థాయి నేర్చుకున్నవాళ్లు దూరానికి పంపే పద్ధతి సాధన చేస్తారు. ప్రాణిక్ హీలింగ్ వాళ్లు జంట హృదయాల ధ్యానంలో భూమికంతటికీ ఆశీస్సులు పంపుతారు. బౌద్ధంలో అందరి మేలూ కోరే మైత్రీ భావన అనే ధ్యానం ఉంది. ఇవి వచ్చినవాళ్లు చేయండి. కొన్ని హద్దులు మాత్రం పాటించండి.

- దూరం నుంచి పంపే శక్తి గాయాన్ని మాన్పుతుందని శాస్త్రపరంగా రుజువు కాలేదు. కాబట్టి ‘నయమవుతుంది’ అని ఎవరికీ మాటివ్వద్దు. మందు, సర్జరీ, కౌన్సెలింగ్ మానమని అసలే అనొద్దు.
- ఒక మనిషి పేరు పెట్టి చేసేటప్పుడు ఆ మనిషినో, కుటుంబాన్నో అడగండి. వద్దంటే మానేయండి. ఊరందరి కోసం చేసేదానికి అనుమతి అక్కర్లేదు.
- బాధితుల దగ్గర ఒక్క రూపాయి తీసుకోవద్దు. వాళ్ల పేరు చెప్పి ఇక్కడివాళ్ల దగ్గర ఫీజు కూడా వద్దు. మంత్రతంత్రాలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది.

అనుమతి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2006లో అమెరికాలో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. తమ కోసం ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన అందినా అందకపోయినా ఇబ్బందులు ఎదురైనవారు దాదాపు సమానం, 52, 51 శాతం. కచ్చితంగా జరుగుతోందని తెలిసినవాళ్లలో 59 శాతం. అందుకు కారణం తేలలేదు. నాకు దీనివల్ల ప్రార్థన మీద నమ్మకం తగ్గలేదు. బాధలో ఉన్న మనిషికి ఫోన్ చేసి ‘మీ కోసం వందమంది హీలింగ్ చేస్తున్నాం, ఇప్పుడెలా ఉంది?’ అని అడిగితే, బాగైపోయానని చెప్పాల్సిన భారం కూడా ఆ మనిషి మీద పడుతుంది. నిశ్శబ్దంగా చేసుకోండి.

## 10. బాధితులతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ప్రథమ చికిత్సకు మూడు మెట్లు చెప్పింది: చూడాలి, వినాలి, కలపాలి. ఫోన్‌లో మనకు మిగిలేవి చివరి రెండు.

- ‘ఏం జరిగింది, మొత్తం చెప్పు’ అని తవ్వకండి. ‘ఇప్పుడు ఎక్కడున్నారక్కా? తిన్నారా? పక్కన ఎవరున్నారు?’ అని అడగండి.
- ‘ఊరుకో, ఏడవకు’, ‘నువ్వైనా బతికావు కదా’ అనొద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి, ఫోన్ పెట్టేయకుండా ఉండండి.
- చేయగలిగిందే మాటివ్వండి.
- నిద్రలేక, భయంతో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి కలపండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ ఫోన్ సంభాషణను రికార్డు చేసి గ్రూపులో పెట్టకండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

వస్తువులు అప్పటికే పోగయ్యాయి, తీసుకునేవాళ్లు లేరు. అక్కడికి తోలేయవద్దు. కొత్తవి దుకాణంలో తిరిగి ఇచ్చేసి ఆ డబ్బు పంపండి. వాడినవి బాగున్నవైతే నగరంలోనే అవసరమున్నవాళ్లకు చేర్చండి.

తప్పు ఖాతాకు పంపేశాం. పొరపాటైతే యూపీఐ యాప్‌లో, బ్యాంకులో ఫిర్యాదు. మోసమైతే 1930.

రోజంతా వార్తలు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున చూడండి. పిల్లల ముందు శవాల దృశ్యాలు వద్దు.

గ్రూపులో ప్రభుత్వం మీద, మతం మీద గొడవ మొదలైంది. అడ్మిన్ రాయాల్సింది ఒక్కటే: ‘ఈ గ్రూపు సాయం కోసం, ఆ చర్చ ఇంకోచోట.’ విననివాళ్లను తీసేయండి.

## 12. మూడు నెలల తర్వాత

రెండో సగం పంపే రోజును ఇవాళే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆ రోజు వచ్చినప్పుడు:

- మొదట ఇచ్చిన సంస్థ ఆ ఊళ్లో ఇంకా ఉందా? ఏం చేసింది, ఏం మిగిలింది?
- విత్తనాలు వేసే కాలమా, బడులు తెరిచే కాలమా? ముందు పంపాల్సినది దాన్నిబట్టి మారుతుంది.
- కుట్టుమిషన్, తోపుడుబండి, వల లాంటి బతుకుతెరువు సాధనాలు ఇప్పించే పనికి ఎవరైనా డబ్బు అడుగుతున్నారా?
- పరిహారం జాబితాలో పేరు లేని కౌలురైతులు, అద్దె ఇళ్లవాళ్లు, వలస కూలీలకు ఆ సంస్థ ఏమైనా చేస్తోందా? చేస్తుంటే మీ రెండో సగం వాళ్ల పేరిట పంపండి.
- మీ ప్రార్థన గుంపు ఇంకా కూర్చుంటోందా? రోజూ కుదరకపోతే వారానికొకసారికి మార్చుకోండి. ఆ ఊరివాళ్లు శిబిరం నుంచి సొంత ఇంటికి మారేదాకా ఊళ్ల పేర్లు మాత్రం చదవండి.